ఆడవాళ్ల వార్డుకు వచ్చిన చుట్టం

మత్తు మాన్పించే ఆసుపత్రిలోనూ తెల్లారగానే ఆమె చేయి అలవాటుగా చీపురు మీదికి పోయింది. ఆయా నవ్వి లాక్కుంది. "ఇక్కడ ఊడ్చేది నేనమ్మా. మాత్రలు మానడమే నీ పని." పుట్టి బుద్ధెరిగాక ఆమెకు చేతకాని పని ఇదొక్కటే.

నడుంనొప్పికని మొదటి మాత్ర చేతిలో పెట్టింది అత్తగారే. రెండో కాన్పయి ఎన్నాళ్లో కాలేదు. మూలిగే నక్కమీద తాటిపండులా ఆఫీసు కూడా మొదలైంది. "ఒకటి వేసుకుని లేమ్మా, గిన్నెలన్నీ అలాగే ఉన్నాయి" అంది. వేసుకుంటే నిజంగానే నడుం ఉన్నట్టే తెలిసేది కాదు. "మా కోడలు పనిలో దిగిందంటే సుడిగాలే" అని అత్తగారు నలుగురిలో మురిసిపోయింది. పెళ్లయ్యాక ఆమె విన్న మొదటి మెచ్చుకోలు అది. దానికోసమే ఇంకోటి, ఆపైన ఇంకోటి. బట్టలారేస్తూ మేడమీద పడిపోయిన రోజున మాత్రం అందరూ నోళ్లు నొక్కుకున్నారు. "ఆడదానికి ఇదేం పోయేకాలం!"

ఆదివారం అయినవాళ్లు చూడ్డానికి వచ్చే రోజు. ఎదుటి మగవాళ్ల వార్డు ముందు భార్యలు, తల్లులు, క్యారియర్లు, ఒకటే సందడి. తాగొచ్చి తన్నిన మొగుళ్లకే ముద్దలు కలిపి పెడుతున్నారు. ఇటువైపు బెంచీ మీద పక్కమంచం టీచరమ్మ ఒక్కతే. తాగుడు మానడానికి వచ్చింది. ప్రతి ఆదివారం తల దువ్వుకుని కూర్చుంటుంది, ఎవరూ రారు.

ఈ ఆదివారం ఈమె భర్త వచ్చాడు. టీచరమ్మ ముఖం చూడలేక ఈమె తల దించుకుంది గానీ, లోపల గర్వంగానే ఉంది.

"పిల్లలెలా ఉన్నారు?"

"ఇల్లు ఇల్లులా లేదనుకో. అమ్మ వల్ల కావట్లేదు. తొందరగా వచ్చెయ్." అటూ ఇటూ చూసి, మడతపెట్టిన తువ్వాలు ఆమె ఒళ్లో పెట్టాడు. లోపల మాత్రల అట్ట. "రోజుకొకటే వేసుకో, ఎవరికీ చెప్పకు. అవి వేసుకున్నప్పుడే కదా నువ్వు మనిషిలా తిరిగింది."

ప్రేమగానే అన్నాడు. తిట్టినా ఇంత ఏడుపొచ్చేది కాదు.

అతను వెళ్లాక తువ్వాలు ఒళ్లోనే ఉంచుకుని చాలాసేపు కూర్చుంది. వేళ్లు మడతలోకి పోతున్నాయి. చివరికి లేచి తువ్వాలు తీసుకెళ్లి నర్సు బల్ల మీద పెట్టింది.

నర్సు అట్ట చూసి నిట్టూర్చింది. "ఇక మీ ఆయన్ని లోపలికి రానివ్వరు, తెలుసు కదా? మీకు ఇంకెవరైనా ఉన్నారా?"

ఆమె బెంచీ దగ్గరికి నడిచింది.

"కాస్త జరుగక్కా," అంది టీచరమ్మతో. "నాకూ ఇక ఎవరూ రారు."