రెండో కార్డ్

ఇత్తడి పిడిని ఎడమచేత్తో మెల్లగా వదిలి, లిఫ్టును మూడో అంతస్తు గచ్చుకు సమంగా ఆపాడు లిఫ్టు బాబాయ్. ఇనుప జాలీ తలుపు పక్కకు జరిపాడు. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి దిగిపోయింది. ఏ అంతస్తు నుంచీ గంట మోగలేదు. అంతే, స్టూలు వెనక మేకుకు వేలాడే యుకులేలే, ఆ నాలుగు తీగల బుల్లి గిటారు, ఒళ్లోకి వచ్చేసింది.

పొట్టి మనిషి. బట్టతల, మోచేతుల దగ్గర వెలిసిన నీలం కోటు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఐదంతస్తులు ఎక్కడం, ఐదంతస్తులు దిగడం. ఇది బటన్ నొక్కితే నడిచే లిఫ్టు కాదు. పిడి వదలడంలో రెప్పపాటు తేడా వస్తే బెత్తెడు పైనో కిందో ఆగి, దిగేవాళ్లను బోర్లా పడేస్తుంది. సమంగా ఆపడం ఆయనకు వచ్చిన ఒకే ఒక్క విద్య. సరిగ్గా ఆగిన లిఫ్టును ఎవరు చూస్తారు గనక, ఆ విద్యను మెచ్చుకున్నవాళ్లూ లేరు.

నాలుగో అంతస్తులో వయొలిన్ నేర్పే మాస్టారు ఆర్నెల్ల కిందట కాగితం మీద ఏడు స్వరాల వరస ఒకటి రాసిచ్చాడు.

"నువ్వు చూసి నేర్చుకునే పుస్తకంలో ఉండదిది బాబాయ్. రెండో స్వరం మొదటిదాన్ని అంటుకునే ఉంటుంది. అక్కణ్ణుంచి ఒకటే గెంతు."

ఆ వరసలోంచి మూడు కార్డ్‌లు కూడా గీసిచ్చాడు, నాలుగు తీగలూ ఒక్కసారి మీటడానికి ఏ వేలు ఎక్కడ పెట్టాలో చుక్కలతో సహా. మొదటి దానికి ఒక్క వేలు చాలు. మూడోది ఎలాగో లొంగింది. రెండోదే మొండిఘటం. అది మొదటిదానికి ఒక్క మెట్టు పైన ఉంటుంది. చూపుడువేలు మూడు తీగల మీద అడ్డంగా పడుకోవాలి, చిటికెనవేలు నాలుగో మెట్టు దాకా సాగాలి. మాస్టారు దాన్ని మోగించినప్పుడు, లిఫ్టు బెత్తెడు పైన ఆగినట్టే అనిపించి బాబాయ్‌కి గుండె జల్లుమంది. తప్పుడు ఎత్తులో ఇంత అందం ఉందని ఆయనకు అంతవరకూ తెలియదు.

ఆయన చేతిలో మాత్రం అది ఆర్నెల్లుగా గరగరలాడుతూనే ఉంది. ఇంట్లో ఆ గరగర విని విని విసిగిన భార్య పోయిన నెల ఒక మాట అనేసింది.

"అది శుభ్రంగా మోగిన రోజు మీ లిఫ్టు ఎక్కుతాలెండి. అప్పటిదాకా నా ప్రాణానికి ఢోకా లేదు."

రోజూ క్యారియర్ తెచ్చి కిందే ఇచ్చి వెళ్లే మనిషి. తాడుకు వేలాడే గదిలో కాలు పెట్టనని పెళ్లైన కొత్తలోనే చెప్పేసింది. ఐదో అంతస్తు కిటికీలోంచి మన డాబా కనిపిస్తుందే అంటే నమ్మదు. మోకాళ్లు బాగున్నప్పుడు మెట్లెక్కి చూసే తీరిక లేదు, తీరిక దొరికేసరికి మోకాళ్లు లేవు. ఆ కిటికీ ఆమెకు చూపించాలన్నది ఆయన జీవితంలో మిగిలిన ఒకే కోరిక.

పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. సాధన ఎక్కువైందనుకుని, మళ్లీ వేళ్లు పరిచాడు. గర్‌ర్. చెయ్యి చూసుకున్నాడు. యుకులేలే మెడను పిడికిలంతా బిగించి, పరుగులో ఉన్న లిఫ్టు పిడిని పట్టినట్టు పట్టాడు. ఓరి నా తెలివీ, అనుకున్నాడు. లిఫ్టు ఆపేటప్పుడు అలా పడతామా? బొటనవేలు సడలించి, పిడిని వదలబోయే ముందు తాకినట్టు మునివేళ్లతో తాకి, మీటాడు.

మోగింది. నాలుగు తీగలూ విడివిడిగా, కలివిడిగా, గంటలా మోగాయి.

మళ్లీ మీటాడు. మళ్లీ మోగింది. సంతోషం ఆపుకోలేక స్టూలు మీదే కాళ్లు ఆడించాడు. ఆ ఊపులో రెండో అంతస్తులో లిఫ్టును మట్టం తప్పించి ఆపాడు. వకీలు గారు తూలి ఫైలు జారవిడిచారు.

"ఏంటయ్యా, బెత్తెడు పైన ఆపావ్?"

"బెత్తెడు పైనే బాగుంటుందండీ," అన్నాడు బాబాయ్, ఫైలు ఏరి ఇస్తూ.

ఒంటిగంటకు భార్య క్యారియర్‌తో వచ్చింది. ఆయన మూడు కార్డ్‌లూ వరసగా మీటాడు. ఆమె రెండో దాని దగ్గర తల వంచి చెవి ఒగ్గింది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మీరు రచ్చలో గెలిచొచ్చారు," అని, కళ్లు మూసుకుని లోపలికి అడుగేసింది.

ఐదు అంతస్తులూ ఆయన కోటు చెయ్యి పట్టుకునే ఉంది. తలుపు తెరిచేసరికి లిఫ్టు, గచ్చు ఒక్కటే మట్టం. ఆమె కిటికీ దగ్గరకు నడిచింది.

"ఏమండీ, మన డాబా మీద నేనారేసిన పసుప్పచ్చ దుప్పటి," అంది. ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "పక్కింటివాళ్ల ట్యాంకు కూడా కనిపిస్తోంది. ఇన్నేళ్లూ అబద్ధాలనుకున్నా."

వెనక మొదటి కార్డ్ మోగింది. రెండోది మోగింది. ఆమె దుప్పటి చూస్తూ మూడో దాని కోసం ఆగింది. కింద ఎవరో గంట నొక్కారు. మళ్లీ నొక్కారు.

"గంటండీ," అంటూ వెనక్కి తిరిగింది.

ఆయన స్టూలు మీదే గోడకు ఆనుకుని ఉన్నాడు. ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. ఆమె దగ్గరకు వెళ్లి భుజం తట్టింది, పిలిచింది, ఆ చల్లబడుతున్న చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. లిఫ్టు ఎంతకీ రాకపోతే మాస్టారు మెట్లెక్కి వచ్చేసరికి, ఆమె అలాగే చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది.

కింద, మూసి ఉన్న జాలీ తలుపు ముందు, లిఫ్టు ఎక్కే భయంలో ఆమె గుమ్మం బయటే విడిచేసిన చెప్పుల జత ఉంది.