ఎనిమిదో ప్రశ్న

ఆరోజు మా వార్డుబాయ్ పుల్లన్నను అతను తోసే స్ట్రెచర్‌తో సహా గేటు బయటికి తోసేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

అనంతపురంలోని మా ఆసుపత్రిలో, ప్రమాదాల్లో కాళ్లు విరిగి వచ్చేవాళ్ల మీద ఎనిమిది నెలలుగా పరిశోధన జరుగుతోంది. ఎవరి కాలు నిలిచింది, ఎవరిది తీసేయాల్సి వచ్చింది, ఎందుకు? ఇది తేల్చాలి. ఆలోచన సర్జన్ వేణుగోపాల్ గారిది. ఫారాలు నింపే నర్సును నేను, ఎలిజబెత్‌ని. అందులో ఎనిమిదో ప్రశ్న నా ప్రాణం తీస్తోంది: దెబ్బ తగిలాక మొదట ఎక్కడికి వెళ్లారు? కోడిగుడ్డు సొన పూసి, వెదురుబద్దలు పెట్టి బిగించే నాటుకట్టు ఇక్కడ ఏ మండలంలో లేదు? అయినా రెండు వందల పన్నెండు మందిలో కట్టు కట్టించుకున్నామని ఒప్పుకున్నది తొమ్మిది మందే. మిగతావాళ్లంతా పడీ పడగానే నేరుగా మా దగ్గరికి పరుగెత్తుకొచ్చిన బుద్ధిమంతులట! నా చెవిలో పువ్వులు కనిపిస్తున్నాయా వీళ్లకు?

ఆ మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి సోమందేపల్లె నుంచి చెన్నప్పను తెచ్చారు. హైవే మీద బండి జారి మోకాలి కింద ఎముక విరిగింది. పిక్క రాయిలా బిగిసిపోయింది, వేళ్లు చల్లబడుతున్నాయి. చర్మం మీద కోడిగుడ్డు సొన వాసన.

"ఎప్పుడు పడినాడు?" అని అతని భార్య నాగలక్ష్మమ్మను అడిగాను.

"పదిన్నరకి మా. యాడికీ పోలేదు, సీదా ఈడికే తెచ్చినాము."

"ఈ గుడ్డు వాసనేంది మరి?"

"పొద్దున తిన్యాడు."

"కాలితో తిన్యాడా?" అని అరిచాను. చెన్నప్ప నొప్పికి పళ్లు బిగించి భార్య వైపే చూస్తున్నాడు.

డాక్టర్ గారు తల పట్టుకున్నారు. ఆమె చెప్పింది నిజమైతే రక్తనాళం తెగిందేమో స్కాన్ తీసి చూడాలి, దానికో గంట. కట్టు బిగువు వల్లయితే ఆ గంటలో కండ చచ్చిపోతుంది, ఇప్పుడే పిక్క కోసి లోపలి బిగువు వదిలించాలి. "వాసన చూసి కాలు చీల్చమంటావా, సిస్టర్?" అని నా మీదే విసుక్కున్నారు. స్కాన్‌కే పంపించారు.

స్ట్రెచర్ తోస్తూ పుల్లన్న నా పక్కకు వచ్చి గొణిగాడు. "కట్టే, సిస్టర్. పొద్దున ఆరుకే కట్టించినారంట. నేనే గేటుకాడ కోసి పడేసినా."

"నువ్వా?"

"దినామూ చేసేదే కదా. కట్టుతో లోపలికొస్తే మీరు తిడ్తారు, ఈళ్లు ఏడుస్తారు. పాపమని కోసేసి, లోపల ఏమీ చెప్పొద్దండని చెప్తాండా."

ఎనిమిది నెలల నా చాకిరీని జాలిపడి చెత్తబుట్టలో వేశాడు మహానుభావుడు! తిట్టడానికి కూడా తీరిక లేదు. స్ట్రెచర్‌ను థియేటర్ వైపు తిప్పించి, డాక్టర్ గారి కోసం పరుగెత్తాను.

కోసి చూస్తే కండ ఇంకా ఎర్రగానే ఉంది. సాయంత్రానికి వేళ్లు వెచ్చబడ్డాయి. కాలు దక్కింది.

సంతోషమే, కానీ నా కోపం చల్లారలేదు. నేరుగా నాగలక్ష్మమ్మ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. "ఒక్క మాట నిజం చెప్పింటే నీ సొమ్మేం పోయేది?"

"కాలు పోయేది మా," అంది ఆమె. "కట్టు కట్టించుకొని వస్తే ఆస్పత్రిలో కాలు తీసేస్తారంట కదా. అందుకే భయపడి చెప్పలేదు."

"ఎవరు చెప్పినారమ్మా ఆ తలతిక్క మాట?"

ఆమె నా ముఖంలోకి అయోమయంగా చూసింది. "మీరే కదమ్మా. మొన్న మా ఊళ్లో క్యాంపు పెట్టి, మైకులో చెప్పింటిరి."

నిజమే. భయపెడితేనైనా కట్టు మానేస్తారని ఊరూరా తిరిగి గొంతు చించుకున్నది నేనే. వాళ్లు భయపడ్డారు కూడా. భయపడి, నాకు చెప్పడం మానేశారు.