వెనక పోగు తెగితే

పోయిన ఆగస్టు పదిహేడు, ఆదివారం. ఆ మధ్యాహ్నం రాగి సంగటి, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి తిన్నాను. ఎదురింటి దేవకమ్మ పంపింది. నా భార్య మునిలక్ష్మి పోయినప్పటి నుంచి ఆమె ఆదివారాలు ఒక ముద్ద ఎక్కువ కెలుకుతుంది.

సాయంత్రం ఆమె భర్త ఏకాంబరంతో కలిసి మా నగరి మైదానంలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ చూడటానికి వెళ్ళాను. రోజూ వెళతాం. తిరుపతిలో చదివేటప్పుడు నేను కాలేజీ జట్టులో ఆడాను. ఏకాంబరానికి మరమగ్గాల షెడ్డు ఉంది. జన్మలో బంతి పట్టలేదు. అయితే మెట్ల మీద కూర్చుని అరవడానికి బంతి అక్కర్లేదు కదా. రోజు మొత్తంలో నేను నోరు విప్పేది ఆ కాసేపే.

మా వాదన ఎప్పుడూ పూజిత గురించే. మగ్గాలోళ్ళ పిల్ల. బంతి చేతికందిందంటే బాస్కెట్ పడాల్సిందే. బంతి ఎదుటి జట్టుకు పోతే మాత్రం వెనక్కి వచ్చి తమ బాస్కెట్ ముందున్న గీత దగ్గర నిలబడిపోతుంది. కొత్త కోచ్ రేవతి వచ్చాక మిగతా పిల్లలు ఒకరినొకరు కేకలతో హెచ్చరించుకుంటూ డిఫెన్స్ ఆడటం నేర్చుకున్నారు. పూజిత నోరు మెదపదు.

ఆ రోజు పుత్తూరు జట్టుతో ఆట.

"సూడప్పా హరినాథూ! బస్సు కోసం నిలబడుకున్నట్టు ఎట్లుండాదో సూడు. పైగా సెయ్యెత్తి జడ సర్దుకుంటా ఉండాది."

"నిలబడిన సోటు సరైందే అబ్బా."

"సోటుంటే సాలా? ఒళ్ళొంచల్ల. రేవతమ్మ వచ్చినాక పిడికెడంత పిల్లోళ్ళు గూడా అడ్డం పడతా ఉండారు. ఈయమ్మి మాత్రం మహారాణి."

"అంత గొప్ప కోచ్ ఈ పిల్లకెందుకు నేర్పలేకపాయె?"

"రాయికి నేర్పుతారా యాడైనా?"

చివర్లో పుత్తూరు పిల్ల ఒకతి మా జట్టులోని భానుప్రియ వెనక నుంచి జారిపోయి బాస్కెట్ వేసింది. మనవాళ్ళు ఓడిపోయారు. రేవతి పూజిత ముందుకొచ్చి నిలబడింది. "ఆ పిల్ల వస్తా ఉంటే నీకు కనపళ్ళా? భానుకి ఒక కేక వెయ్యొచ్చు గదా! కేక వేసేవాళ్ళనే తిరుపతి పోటీకి తీసకపోతా."

పూజిత తల వంచుకుంది.

"ఇప్పుడేమంటావు?" అన్నాడు ఏకాంబరం.

"సూసే కన్ను కోచ్‌కి లేకపోతే పిల్ల తప్పా?"

"ఇంట్లో మాట్లాడేదానికి మనిషి లేక, ఈడికొచ్చి ఆ పిల్లకి వకాల్తా పుచ్చుకుంటావు నువ్వు!"

అన్నాక అతని ముఖం మారిపోయింది. నేను లేచి, పంచె దులుపుకుని, ఒక్కణ్ణే ఇంటికి వచ్చేశాను.

మర్నాటి నుంచి ఏకాంబరం మైదానానికి రాలేదు. నేను వెళ్ళాను. పూజిత బంతి వేసినప్పుడల్లా పక్కకు తిరిగి "సూసినావా" అనబోయి, ఖాళీ మెట్టును చూసి ఊరుకునేవాణ్ణి. ఇంటికి వచ్చి రేడియో పెడితే ఆ గొంతుతో వాదించడానికి కుదరదు.

తర్వాతి ఆదివారం కూడా సంగటి వచ్చింది. దేవకమ్మ గిన్నె గోడ మీద పెట్టి, "ఆయప్ప గూడా సరిగా తినడంల్యా అన్నా," అని మాత్రం చెప్పి వెళ్ళింది.

మర్నాడు గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళితే ఆమె వెనక షెడ్డు చూపించింది. లోపల మగ్గాల మోత. పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. ఏకాంబరం నన్ను చూడలేదు. అతని చూపు చివరి మగ్గం నడుపుతున్న కుప్పమ్మ మీద ఉంది. ఉన్నట్టుండి చెయ్యెత్తి, అరచేతిని భుజం మీదుగా వెనక్కి రెండుసార్లు నెట్టాడు. కుప్పమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆమె వెనక మగ్గంలో పోగు తెగి ఉంది.

నేను గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆ చెయ్యి నాకు తెలుసు. రోజూ గీత దగ్గర చూస్తున్నదే.

ఏకాంబరం ఇటు తిరగగానే నేనూ చెయ్యెత్తి అట్లాగే నెట్టాను. అతను కంగారుగా వెనక్కి చూసుకున్నాడు. ఏమీ తెగలేదు. నన్ను బయటికి లాక్కొచ్చాడు.

"యాడప్పా తెగింది?"

"ఈడ కాదు, గ్రౌండులో. పూజిత జడ సర్దుకోవడంల్యా. ఎనక్కి సూడమంటా ఉండాది."

అతను తన చేతిని చూసుకున్నాడు. "మగ్గాల కాడ పుట్టినోణ్ణి. నాకే తెలీకపాయె గదప్పా," అన్నాడు.

సాయంత్రం ఇద్దరం వెళ్ళి రేవతికి చెప్పాం. ఆమె నవ్వలేదు. ఆ వారమంతా పిల్లల్ని నోరు తెరవకుండా, పూజిత చేతిని చూస్తూ ఆడించింది. పూజితతో రోజూ కాసేపు కేకలు వేయించింది. మొదట్లో ఆ పిల్ల గొంతు పిట్ట కూసినట్టుండేది. తిరుపతికి వెళ్ళిన జట్టులో పూజిత ఉంది.

వాదన మాత్రం తెగలేదు.

"ఆ సెయ్యి పిల్లదే. ముందు నించీ కష్టపడతానే ఉండాది," అంటాను నేను.

"దాన్ని సూసేది మిగతావోళ్ళకు నేర్పింది ఎవురు? రేవతమ్మ గదా!" అంటాడు ఏకాంబరం.

ఆ రోజు అన్న మాట అతను మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నిన్న భోజనమయ్యాక వసారాలో కూర్చున్నాను. ఎదురింట్లో మగ్గాలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. వీధి తలుపు వేయడానికి వచ్చిన ఏకాంబరం నన్ను చూసి, అరచేతిని భుజం మీదుగా వెనక్కి నెట్టాడు. తిరిగి చూశాను. వంటింట్లో దీపం వెలుగుతూనే ఉంది. మునిలక్ష్మి ఉన్నప్పుడు ఆ దీపం సంగతి నాకు పట్టేది కాదు.

లోపలికి వెళ్ళి ఆర్పి వచ్చాను. అతను అంతవరకు ఆగి ఉన్నాడు. అప్పుడు, చప్పుడు కాకుండా, తలుపు వేసుకున్నాడు.