మరచిపోయిన పన

ఎల్నాతాను పొలంలో తొమ్మిది కోతకాలాలుగా కోసి కట్టిన ఒక్క పన కూడా ఎవరూ మరిచిపోలేదు. ఊళ్ళో దీన్ని గొప్పగా చెప్పుకునేవాళ్ళున్నారు. జెబూదా మాత్రం ఆ మాట చెవిన పడినప్పుడల్లా పక్కకు తిరిగి ఉమ్మేది.

ధర్మశాస్త్రం ఈ విషయంలో నీళ్ళు నమల్లేదు. కోత కోసేటప్పుడు పొలంలో ఒక పన మరిచిపోతే దాని కోసం వెనక్కి వెళ్ళకూడదు. అది తండ్రి లేని పిల్లలది, విధవరాలిది, పరాయి దేశం నుంచి వచ్చి బతుకుతున్నవాడిది. ఎల్నాతానుకు ఈ వాక్యం కంఠతా వచ్చు. విశ్రాంతి దినాన నలుగురినీ కూర్చోబెట్టుకుని కళ్ళు మూసుకుని చదివి వినిపిస్తాడు కూడా. వెనక్కి వెళ్ళడం పాపమైతే వెనక్కి వెళ్ళే అవసరమే లేకుండా చూసుకోవచ్చు కదా అని అతనికి తోచింది. షిమ్రీ అనే మేస్త్రిని పెట్టాడు. మగవాళ్ళు కొడవళ్ళతో కోస్తూ ముందుకు పోతే ఆడవాళ్ళు వెనకాల పనలు కడతారు. ఒక్కో కోత వరుస, ఒక్కో మునుము చివరికి రాగానే షిమ్రీ కర్ర అడ్డం పెట్టి, "ఏమన్నా మరిచారా?" అని అడుగుతాడు. "ఏమీ మరవలేదు" అని ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో చెప్పాలి. చెప్పకపోతే ఆ మునుము దాటనివ్వడు.

పొలం మూలలు కోయకుండా బీదల కోసం వదలాలని కూడా ధర్మం ఉంది. ఎల్నాతాను నాలుగు మూలలూ వదిలాడు. ఒక్కో మూలలో ఒక్కో మేక ముడుచుకుని పడుకోవచ్చు. కాళ్ళు చాపిందంటే మళ్ళీ అయ్యగారి చేలోకి వచ్చినట్టే. అతను ధర్మం తప్పాడని ఏ కొమ్ములు తిరిగినవాడూ అనలేడు. జెబూదాకు ఒళ్ళు మండేది అక్కడే. దొంగనైతే దొంగా అని తిట్టొచ్చు. వీణ్ణి ఏమని తిట్టాలి?

జెబూదాకు యాభై ఏళ్ళు దాటాయి. ముప్ఫై ఏళ్ళుగా పనలు కడుతున్న చేతులు. మొగుడు కొట్టాం మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఆమె తెచ్చే కూలిగింజలే ఇద్దరికీ ఆధారం. అందుకని నోటిని ఎంత అదుపులో పెట్టుకోవాలో అంతా పెట్టుకునేది. అది ఏమంత ఎక్కువ కాదనుకోండి.

ఆ ఏడు యవల కోతకు, రాలిన పరిగె ఏరుకునేవాళ్ళలో కొత్తగా ఒక పిల్ల వచ్చింది. పేరు హొగ్లా, వయసు పదేళ్ళు. తండ్రి నీళ్ళతొట్టి తవ్వుతుండగా మట్టి విరుచుకుపడి పోయాడు. తల్లి అంతకుముందే పురిట్లో పోయింది. ఆ పురిటి పిల్లవాడికి ఇప్పుడు మూడేళ్ళు, వాణ్ణి చంకనేసుకుని తిరుగుతుంది. కుమ్మరి ఆవం పక్కన ఉన్న చాపల గుడిసెలో ఇద్దరూ పడుకుంటారు. రోజంతా వంగి ఏరితే రెండు దోసిళ్ళ గింజలు దొరికేవి. షిమ్రీ ముందు నడిచిన చోట పిట్టలకే దిక్కు లేదు, పిల్లలకేముంటుంది.

కోత ముగియడానికి రెండు రోజుల ముందు మధ్యాహ్నం, జెబూదా పన కట్టి నడుం ఎత్తేసరికి హొగ్లా గట్టు కింద బోర్లా పడుకుని కనిపించింది. పిల్ల సొమ్మసిల్లిందేమోనని పరుగున వెళ్ళింది. సొమ్మసిల్లలేదు. చీమలపుట్టలో పుల్లతో తవ్వుతోంది. చీమలు దాచుకున్న గింజల్ని ఒక్కొక్కటే తీసి, ఊది, తమ్ముడి నోట్లో పెడుతోంది.

"ఏం చేస్తున్నావే?" అంది జెబూదా.

"వాటికి చాలా ఉన్నాయత్తా," అంది హొగ్లా తల ఎత్తకుండానే. "సగమే తీస్తున్నా."

జెబూదాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చీమల దగ్గర కూడా సగం వదిలేస్తోంది ఈ పిల్ల! ఆమె మునుములోకి తిరిగొచ్చి, మామూలు పనకు ఒకటిన్నర రెట్లు ఉండేలా ఒక పన కట్టింది. ఎవరూ చూడకుండా దాన్ని మెట్టచేను రాతిగోడ వెనక, సందులో పెట్టింది. మునుము చివర షిమ్రీ కర్ర అడ్డం పెట్టగానే అందరికంటే గట్టిగా, "ఏమీ మరవలేదు" అని అరిచింది.

సాయంత్రం ఇంటికి పోతూ హొగ్లాతో, "ఆ గోడవైపు పరిగె బాగుంది, చూసుకో" అని మాత్రం చెప్పింది. అంతకుమించి చెప్పలేదు. చెబితే పిల్ల భయపడుతుందనుకుంది.

పొద్దు వాలుతుండగా పన నెత్తిన పెట్టుకుని, తమ్ముణ్ణి వేలు పట్టి నడిపించుకుని పోతున్న హొగ్లాను షిమ్రీ పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఊరి గోడ వాకిలి, గవిని దగ్గర పెద్దలు కూర్చున్నారు. తగువులన్నీ తీరేది అక్కడే, రాతి అరుగుల మీద. అందరిలోకీ పెద్దవాడు బెరక్యా. కోతకు పోవలసిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ దారిలో ఆగి గుంపుగా నిలబడ్డారు. మధ్యలో హొగ్లా, రెండు చేతులతో పనను పొట్టకు హత్తుకుని ఉంది. తమ్ముడు ఆమె గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు.

"తొమ్మిదేళ్ళుగా మా పొలంలో పన మరిచింది లేదు పెద్దయ్యా," అన్నాడు షిమ్రీ. "నిన్న కూడా ఆడాళ్ళంతా మరవలేదనే చెప్పారు. మరవని పన దీని నెత్తికెట్టా ఎక్కిందో మీరే చెప్పండి."

"ఏమ్మా, ఎక్కడిది?" అని అడిగాడు బెరక్యా.

"గోడ వెనకుంది తాతా. అప్పటికి అందరూ పోయారు. ఎవరో మరిచిపోయారు." హొగ్లా పనను ఇంకా గట్టిగా హత్తుకుని, "దేవుడే మరిపించాడు. మా కోసం," అంది.

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎల్నాతాను నవ్వలేదు. అతను ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు.

"పసిది పెద్దయ్యా, కొట్టడం, తిట్టడం లాంటివేమీ వద్దు," అన్నాడు. "దొంగిలించినవాడు రెండింతలు ఇవ్వాలి, లేకపోతే అమ్ముడుపోవాలి. దీని దగ్గర ఇవ్వడానికేముంది పాపం? ఆరేళ్ళు మా ఇంట్లో ఉంటుంది. మా పిల్లలతో పాటే ఇంత తింటుంది, తిరగలి తిప్పుతుంది. ఆ పిల్లాణ్ణి కూడా తెచ్చుకోమనండి. మేకల వెంట తిరుగుతాడు, వాడికీ పొట్ట గడుస్తుంది."

ఎంత మంచి మనిషి అని ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఎల్నాతాను ఇంటి తిరగలి సంగతి జెబూదాకు తెలుసు. పోయినసారి దాన్ని తిప్పిన పిల్ల ఆరేళ్ళ తర్వాత బయటికొస్తే కుడి భుజం ఎడమ భుజానికి సమానంగా లేదు. ఆ పిల్ల పెళ్ళి కూడా కాక కొండల అవతలికి పోయింది. ఇప్పుడు తిరగలి ఖాళీగా ఉంది.

బెరక్యా పనను తెప్పించుకుని, దాన్ని కట్టిన గడ్డితాడు వెంటిని చూశాడు. పన కట్టేవాళ్ళలో ఒక్కొక్కరి ముడి ఒక్కో రకం. ఎడమచేతి వాటంగా మెలి తిప్పేది ఊరంతటికీ ఒక్కతే.

"జెబూదా. ఇది నీ కట్టేనా?"

"నాదే."

"మరిచావా?"

పక్కనున్న తోటి కూలి మిల్కా ఆమె మోచేతిని గిల్లింది. "మరిచానను. పీడా పోద్ది," అని గొణిగింది.

జెబూదా కూడా అదే అనబోయింది. యెహోవా తోడని అబద్ధం చెప్పడమంటే ఆమెకు భయమే. కానీ పిల్ల కోసం ఆ పాపమేదో మోద్దామనే రాత్రంతా అనుకుని వచ్చింది. నోరు తెరిచింది కూడా. అప్పుడు ఎల్నాతాను చిరునవ్వుతో ముందుకొచ్చాడు.

"మరిచి ఉంటే నాకంతకంటే ఏం కావాలమ్మా? మరిచిన పన తండ్రిలేని పిల్లకు పోతే, ఆ పొలం వాడు చేసే పనులన్నిటినీ దేవుడు దీవిస్తాడని రాసి ఉంది. యెహోవా తోడని ఒక్క మాట చెప్పు. నా చేతులతో నేనే ఎత్తి ఆ పిల్ల నెత్తిన పెడతా. ఊరంతా చూస్తుంది."

జెబూదా నోరు మూసుకుంది. తొమ్మిదేళ్ళు ఎంగిలిచేత్తో కాకిని కూడా తోలని మనిషి. ఇప్పుడు తను ఒక అబద్ధమాడితే ఆ దీవెనను కూడా మూటగట్టుకుని ఇంటికి పోతాడు. అనాథల్ని ఆదుకున్న ఎల్నాతాను అని ఊరు చెప్పుకుంటుంది. తన దొంగప్రమాణం మీద వాడికి పుణ్యం. 

"మరవలేదు," అంది.

మిల్కా ఆమె పైగుడ్డ పట్టి లాగింది.

"మరవలేదు పెద్దయ్యా. కావాలనే కట్టా, కావాలనే గోడ వెనక పెట్టా, ఏమీ మరవలేదని అరిచా. పిల్లకు తెలీదు. దొంగతనం నాది." ఆమె ఎల్నాతాను వైపు తిరిగింది. "నీ చేలో మరవడానికి సందెక్కడ ఇచ్చావయ్యా? మరుపనేది బీదోళ్ళ కోసం దేవుడు మన బుర్రలో పెట్టిన చిల్లు. నువ్వు కర్రతో పొడిచి పొడిచి దాన్ని కూడా పూడ్చేశావు. అందుకే దొంగిలించి పెట్టా. నీకు దీవెన కావాలంటే ఇంకో చేను చూసుకో. నా నోటి నుంచి మాత్రం రాదు."

"మాటలు మర్యాదగా రానీ," అన్నాడు షిమ్రీ.

"నీతో మర్యాదేంట్రా, కర్రకు పుట్టినోడా?"

కొందరు నవ్వారు. బెరక్యా చెయ్యెత్తి ఆపాడు. తీర్పు చెప్పడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. పిల్ల తప్పు లేదు, పంపించెయ్యండి. జెబూదా కూలిగింజల్లోంచి రెండు పనల గింజలు ఎల్నాతానుకు పోతాయి. దొరికిన పన కూడా సొంతదారుకే పోతుంది. ఎల్నాతాను తల వంచి తీర్పు ఒప్పుకుని, ఇక జెబూదా తన పొలానికి రానక్కర్లేదని మెల్లగా, ఎవరికీ కోపం రాకుండా చెప్పాడు. దొంగతనం ఒప్పుకున్న మనిషిని ఇంకే పొలంవాడు పిలుస్తాడని ఆమె అతన్ని అడగలేదు.

షిమ్రీ వచ్చి హొగ్లా చేతుల్లోంచి పన లాగాడు. పిల్ల వెంటనే వదల్లేదు. రెండోసారి లాగితే వదిలింది. నాలుగైదు వెన్నులు తెగి కింద పడ్డాయి. తమ్ముడు వంగి వాటిని ఏరుకున్నాడు.

"మరిచానని ఉంటే పిల్లకు గింజలన్నా దక్కేవి," అంది మిల్కా పోతూ పోతూ. "నీ కోపం తగలెయ్య."

అది నిజమే. జెబూదాకు అప్పటిదాకా ఆ సంగతి తట్టనే లేదు. ఎల్నాతానుకు దీవెన దక్కకూడదన్న మంటలో పిల్ల నోటి దగ్గర కూడు తనే లాగేసింది. ఆరేళ్ళ తిరగలి తప్పింది కదా అని సమాధానం చెప్పుకోబోయింది. కానీ మరిచానని ఉంటే అది కూడా తప్పేదే. ఇప్పుడు ఆమె మీద ఆమెకే పట్టరాని కోపం వచ్చింది.

హొగ్లా దగ్గరికొచ్చి నిలబడింది. ఏడవడం లేదు.

"అత్తా, అక్కడ పెట్టింది నువ్వా?"

"నేనే."

"దేవుడు మరిపించలేదా?"

జెబూదా పిల్ల జుట్టులోంచి గడ్డిపరక తీసింది.

"మోసుకొస్తూ తమ్ముడికి చెప్పా," అంది హొగ్లా. "దేవుడు మనల్ని మరవలేదురా, చూడు, ఎంత పెద్ద పన పెట్టాడో అని. ఇప్పుడు వాడికేం చెప్పను? మమ్మల్ని మరిచిపోయినట్టేనా?"

దేవుడే నా చేత పెట్టించాడని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. ఎవరైనా అదే అంటారు. జెబూదా నాలుక మీదికి కూడా వచ్చింది. కానీ ఆ మధ్యాహ్నం తనకు దేవుడు గుర్తుకు రాలేదు. ఎల్నాతాను ముఖం గుర్తొచ్చింది, చీమలపుట్ట గుర్తొచ్చింది. ఇందాక ఒక అబద్ధం ఆడనని ఇంత చేసి, ఇప్పుడు పిల్లతో ఇంకో అబద్ధం ఎలా ఆడుతుంది? అసలు ఈ ప్రశ్నకు తను ఎందుకు జవాబు చెప్పాలి? ధర్మం చదివింది తనా? కళ్ళు మూసుకుని వినిపించేది తనా?

ఆమె హొగ్లా మణికట్టు పట్టుకుంది. పెద్దలు అరుగుల మీద నుంచి లేచి పైగుడ్డలు దులుపుకుంటున్నారు. ఎల్నాతాను బెరక్యాతో వానల గురించి ఏదో మాట్లాడుతున్నాడు. జెబూదా పిల్లను లాక్కెళ్ళి వాళ్ళ మధ్యలో నిలబెట్టింది.

"కూర్చోండి," అంది.

"తీర్పయిపోయింది కదమ్మా," అన్నాడు బెరక్యా.

"తీర్పు నాకు. ఈ పిల్ల ఇంకోటి అడుగుతోంది. పిల్లలు అడిగితే పెద్దలు జవాబు చెప్పాలని ధర్మశాస్త్రంలో లేదా? ఇంట్లో కూర్చున్నా, దారిలో నడుస్తున్నా, పడుకున్నా, లేచినా చెప్పమని లేదా? గడపల మీద రాసుకున్నారు కదా, చదివే ఉంటారు." ఆమె పిల్ల వీపు మీద చెయ్యేసి ముందుకు నెట్టింది. "అడగవే. నన్నడిగిందే వీళ్ళనడుగు."

హొగ్లా ముందు బెరక్యాను చూసింది, తర్వాత ఎల్నాతానును చూసింది. తమ్ముణ్ణి చంకకు ఎత్తుకుంది. వాడి గుప్పిట్లో వెన్నులు నలుగుతున్నాయి.

"దేవుడు మమ్మల్ని మరిచిపోయాడా తాతా?" అని అడిగింది.

ఎల్నాతాను వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. అది బాగానే ఉంది, మళ్ళీ విప్పి కట్టాడు. షిమ్రీ పన భుజం మీదికి ఎత్తుకుని ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాడు. ధర్మశాస్త్రం మొదటి నుంచి చివరి దాకా ఒప్పజెప్పగల బెరక్యా నోరు తెరిచి, పిల్ల ముఖం చూసి, మెల్లగా మళ్ళీ అరుగు మీద కూర్చున్నాడు.

జెబూదా పైగుడ్డ నడుముకు బిగించుకుంది. ఊళ్ళోకీ పొలాల్లోకీ పోవడానికి ఉన్నది ఆ ఒక్క దారే. గవిని మధ్యలో, ఎవరూ దాటిపోవడానికి వీల్లేకుండా, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"తొందరేం లేదు," అంది. "ఇవాళ్టి నుంచి నాకు పని కూడా లేదు."