తొలి గుప్పెడు

మొగులమ్మ చేన్లోకి దిగి పిడికెడు నల్లమన్ను తీసింది. ముద్ద చేసి నడుమెత్తు నుంచి వదిలింది. ముద్ద నేలకు తగిలి పొడిపొడిగా విడిపోయింది. విత్తడానికి సరైన పదును అంటే అదే. కొడంగల్ దగ్గరి ఆ రెండెకరాల్లో పదిహేనేళ్ళుగా పదును చూసేది ఆమె, తొలి గుప్పెడు కందులు సాల్లో వేసేది భర్త వెంకటేశం. మొన్న చలికాలంలో వెంకటేశం పోయాడు. మృగశిర వాన మాత్రం వేళకే వచ్చింది.

"ఇయ్యాల్నే ఇత్తాలె అత్తమ్మా. గాలి మొదలైతే ఆరిపోతది" అంది ఇంటికొచ్చి. ఉన్న విత్తనం ఒక్క సంచి. ఏడాది తిండి అందులోనే ఉంది.

అత్త భాగమ్మ తల అడ్డంగా ఊపింది. "తొలి గుప్పెడు నువ్వు ఎయ్యొద్దు బిడ్డా. బొట్టులేని చెయ్యి ముడితే మొలవదంటరు. కుమారస్వామిని రానియ్యి."

కుమారస్వామి మొగులమ్మ మరిది. తాండూరులో బండల పాలిషు పని. ఫోన్ చేస్తే, "ఆదివారం వస్త వదినా, ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఆదివారానికి ఇంకా ఐదు రోజులున్నాయి. మొగులమ్మ సరేనంది. ఎదురు చెప్పాలని కూడా తోచలేదు. భర్త పోయిన నాటి నుంచి ఎవరేమన్నా ఆమెకు గోడవతలి మాటలాగే వినిపిస్తోంది.

అయ్యా, వాన మన చుట్టరికాలు చూసి ఆగుతుందా! పక్క చేను బాల్‌రాజ్ మరునాడే విత్తేశాడు. ఈదురుగాలి పట్టుకుంది. మొగులమ్మ రోజూ పొద్దున్నే వెళ్ళి మన్ను పిడికిట పట్టేది. నాలుగోనాటికి ముద్దే కట్టలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సగం విత్తనం మాత్రం తీసి గుమ్మిలో దాచింది.

ఆదివారం కుమారస్వామి వచ్చాడు. దండం పెట్టి తొలి గుప్పెడు వేశాడు. మిగతాది విత్తి, అన్నం తిని, బస్సెక్కాడు.

పన్నెండు రోజులైనా మొలక లేదు. బాల్‌రాజ్ చేన్లో పచ్చని సాళ్ళు తేలాయి. భాగమ్మ వేలితో మన్ను తవ్వి చూసింది. ఉబ్బి ఎండిన గింజలు, చుట్టూ చీమలు.

"నా కొడుకు చెయ్యి మంచిదే గదనే. గిట్లెందుకాయె?"

"చెయ్యిది తప్పు కాదత్తమ్మా. పదును పోయింది."

కోపంతో అన్నా బాగుండేది. మొగులమ్మ కంఠంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేనితనానికే ముసలామె హడలిపోయింది.

పెద్దపుసాల, అదే పునర్వసు కార్తెలో మళ్ళీ వాన పడింది. మొగులమ్మ మన్ను చూసొచ్చి, గుమ్మిలో దాచిన విత్తనం అత్తకు చూపించి, "మరిదికి ఫోన్ జెయ్యనా?" అని అడిగింది.

భాగమ్మ లేచింది. గుమ్మిలోని విత్తనం తానే మోసుకుని చేనికి నడిచింది. గట్టు మీద ఆగి, గుప్పెడు కందులు కోడలి దోసిట్లో పోసింది.

"మీ మామ పోయినప్పుడు నాకు ఇరవై ఆరేండ్లు. వెంకటేశం పెద్దగయ్యేదాంక ఏటేటా ఎవలో ఒకల కోసం ఎదురుసూసిన. ఎన్ని పదున్లు పోగొట్టుకున్ననో! నా ఖర్మ అనుకున్న గని, ఆ కట్టుబాటు తప్పనుకోలే. నువ్వే ఎయ్యి."

మొగులమ్మ సాల్లో దిగింది. చాలా నెలల తరువాత అరికాళ్ళకు మన్ను చల్లగా తగిలింది.

"ఆలస్యమైంది అత్తమ్మా. మొక్క గుబురుగా పెరగదు. సాళ్ళు జర దగ్గరకెయ్యాలె" అంది. దిగుబడి తగ్గుతుందని ఇద్దరికీ తెలుసు.

"నువ్వెట్లంటె అట్ల. భూమికి పదును తెలుస్తది గని బిడ్డా, పసుపు కుంకుమలు తెల్వవు."