దావీదు అతివేగం

సోమవారం పొద్దున పది గంటలకి నలుగురు మనుషులు సైకిల్ బాటని చాపలా చుట్టచుట్టి, భుజాల మీద మోసుకొచ్చి, సువార్తమ్మ పంక్చర్ కొట్టు ముందు దించుతారు.

"గాలి దిగిపోతోందమ్మా," అంటాడు వాళ్ళ వెనకే వచ్చిన ఉమాపతిరావు. ఆయన బాటల విభాగంలో ఇంజనీరు. చంకలో ఎర్ర అట్ట రిజిస్టరు ఉంది. "సాయంత్రం ఐదింటికి బాట వార్షికోత్సవం. ఆలోగా ప్యాచీలు వేసి ఇచ్చెయ్యాలి."

సువార్తమ్మ ఆశ్చర్యపోదు. ఈ పేటలో గాలి దిగినవన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. స్పానరు పక్కన పెట్టి, బాటని బొటనవేలితో నొక్కి చూస్తుంది. మెత్తగా లోపలికి పోతోంది. ఆకుపచ్చ రంగు వేలికి అంటుకుంటుంది.

బాట మీద ఏమేం ఉన్నాయో అన్నీ కలిపే చుట్టేశారు మహానుభావులు. మడతల్లో మూడు కార్లు, ఇసక కుప్ప, బజ్జీల బండి, ఒక ట్రాన్స్‌ఫార్మరు కనిపిస్తున్నాయి. సైకిల్ మాత్రం వెతికినా ఒక్కటి లేదు.

లోపలి మడతలో ఉన్న కారాయన అద్దం రెండంగుళాలు దించుతాడు. "జాగ్రత్తమ్మోయ్, గీతలు పడితే ఊరుకోను."

"సైకిళ్ళ బాట మీద కారు పెట్టింది కాక, మళ్ళీ నాకే జాగ్రత్తలా?" అంటుంది సువార్తమ్మ.

"ఖాళీగా ఉందని పెట్టాను," అని ఆయన అద్దం ఎత్తేసుకుంటాడు. ఎందుకు ఖాళీగా ఉందో ఆయన్ని అడిగి లాభం లేదు. లోపల ఏసీ నడుస్తోంది.

బాట ఉండాల్సిన చోట ఇప్పుడేమీ లేదు. గొయ్యి కాదు, నేలా కాదు, ఉత్త ఏమీ లేదు. కొట్టు గుమ్మం ముందు మొదలై ఊరి అవతలి కొసన కాలేజీ గేటు దాకా అది అలా సాగి ఉంది. మధ్యలో అడ్డం లేదు కాబట్టి ఏడు కిలోమీటర్ల అవతలి గేటు, గేటు పక్కన చెప్పులు కుట్టే ముసలాయన గొడుగు తేటగా కనిపిస్తున్నాయి.

సువార్తమ్మ కూతురు కెజియా ఎనిమిదింటికే సైకిలెక్కి ఆ గేటులోకి వెళ్ళింది. నాలుగున్నరకి బయటికొస్తుంది. ఇంటికి రావడానికి ఆ పిల్లకి ఇంకో దారి లేదు. పెద్దరోడ్డు మీదికి సైకిళ్ళు రాకూడదని బోర్డు పెట్టారు. బాట ఇచ్చాం కదా, రోడ్డుతో మీకేం పని అని వాళ్ళ ఉద్దేశం.

"మా పిల్ల వచ్చేవేళకి బాట పరిచేస్తారుగా సారూ?" అని అడుగుతుంది.

"నువ్వు ప్యాచీలు వేస్తే పరుస్తాం. అంతా నీ చేతిలోనే ఉంది."

చూశారా తెలివి! చేసింది వాళ్ళు, భారం మాత్రం ఈవిడ చేతిలో. సువార్తమ్మ పెదవి కొరుక్కుని, నూనె డ్రమ్ముని సగానికి కోసి చేసిన నీళ్ళ తొట్టిని ముందుకి జరుపుకుంటుంది.

బాటని కొస నుంచి కొంచెం కొంచెంగా నీళ్ళలో ముంచుతుంది. ఏడు కిలోమీటర్లూ తొట్టిలోకి పోతాయి. ఒక్క చుక్క నీరు బయటికి పొర్లదు. మొదటి చిల్లు దగ్గర బుడగ లేస్తుంది, పైకొచ్చి పగులుతుంది. పగిలినప్పుడు బెల్లు మోగుతుంది.

ఆ బెల్లు ఆమెకి తెలుసు. ఈ ఊళ్ళో సగం సైకిళ్ళకి బెల్లు బిగించింది ఆమే. అది పాల కోటయ్యది. కారులో కూర్చున్నవాళ్ళు వెనక్కి చూడకుండా తలుపు తీస్తే, దానికి తగిలి పడ్డాడు. సువార్తమ్మ అగ్గిపుల్ల ఒకటి తీసి చిల్లులో గుచ్చుతుంది. చిల్లు ఎక్కడుందో మర్చిపోకుండా ఆమె ఎప్పుడూ చేసే పని అదే.

రెండో బుడగ ఇస్త్రీ సూరమ్మది. మూట కట్టిన బట్టలతో సహా బస్సు ఆమెని కాలిబాట అంచుకి నొక్కేసింది. మూడోది బొత్తిగా కొత్త బెల్లు, వారం కూడా మోగలేదు. లెక్కల ట్యూషన్‌కి వెళ్తున్న పిల్లాడిది. వాడికి బెల్లు బిగిస్తూ, "ఎడం పక్కనే పోవాల నాయనా, ఎడం పక్కనైతే ఏమీ కాదు," అని తనే చెప్పింది. వాడు ఎడం పక్కనే వెళ్ళాడు.

అగ్గిపెట్టె ఖాళీ అయ్యేసరికి ముప్పై తొమ్మిది పుల్లలు గుచ్చి ఉన్నాయి.

ఉమాపతిరావు రిజిస్టరు తెరుస్తాడు. "ఇందులో నాలుగే ఉన్నాయి. నాలుగు వెయ్యి చాలు."

"ముప్పై తొమ్మిది బెల్లులు మీ చెవులకి వినపళ్ళా?"

"మిగతావాళ్ళు స్వయంగా పడిపోయారు. స్వయంగా పడితే అది చిల్లు కిందకి రాదు."

"మరి గాలి దిగతా ఉందిగా?"

"స్వయంగా దిగుతోంది," అంటాడాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

సువార్తమ్మకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఏదో అనబోతుంది, కానీ అప్పుడే తొట్టిలో ఇంకో బుడగ లేస్తుంది. కొబ్బరికాయంత ఉంది. పైకొచ్చి కూడా పగలదు. నీళ్ళ మీద నిలబడి లోపల్లోపలే మోగుతోంది. ఒక నిండు మోత, ఒక సగం మోత. ట్రింగ్... ట్రి.

అది దావీదు బెల్లు. స్ప్రింగు విరిగింది మారుస్తానంటే, "ఉండనీవే, ఆ సగం మోతకే నేనొచ్చానని నీకు తెలుస్తది," అనేవాడు.

దావీదు ఆమె భర్త. ఇంటింటికీ సైకిల్ మీద గ్యాస్ బండలు వేసేవాడు. ఆరేళ్ళ కిందట ఈ కొట్టు దగ్గరే ఆగి, మంచినీళ్ళు తాగి బయల్దేరాడు. ఇరవై గజాలు పోయాడో లేదో, బాట పక్క కాలవ మీద వేసిన ఇనప జాలీ సందులోకి ముందు చక్రం దిగిపోయింది. వెనకాల వ్యాను వస్తోంది. అంతే.

ఉమాపతిరావు చేతిలోని రిజిస్టరు దానంతటదే ఆ పేజీ దగ్గర తెరుచుకుంటుంది. సువార్తమ్మ చదువుతుంది. 'దావీదు, వయసు నలభై రెండు. కారణం: అతివేగం.'

అతివేగమట! రెండు నిండు బండలు చెరోపక్క కట్టుకుని, ఎదురుగాలిలో, పెడల్ మీద లేచి నిలబడి తొక్కే మనిషికి అతివేగం! రాసిన చెయ్యి పడిపోకుండా ఎలా ఉందో ఆ దేవుడికే తెలియాలి. సువార్తమ్మ అంతకంటే పెద్ద మాటే అంటుంది. కొట్టు గోడ మీది పంపు సిగ్గుపడి తల తిప్పుకుంటుంది.

అంతకంటే బాధ ఇంకొకటుంది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు. దావీదు పోవడానికి పదకొండు రోజుల ముందు ఈ బాట మొదటి వార్షికోత్సవం. అప్పుడూ ఇలాగే చుట్టచుట్టి తెచ్చారు, ఇలాగే తొందరపెట్టారు. చిల్లు పూడ్చే ముందు టైరు లోపల చెయ్యిపెట్టి, చుట్టూ తడిమి, ముల్లు తీసెయ్యాలి. ముల్లు ఉంచేసి ప్యాచీ వేస్తే తెల్లారేసరికి మళ్ళీ దిగుతుంది. ఈ వృత్తిలో ఉన్న ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతే. ఆ ఒక్కరోజు మాత్రం ఆమె తడమలేదు. పెద్దవాళ్ళు నిలబడి ఉన్నారని భయపడి, నాలుగు ప్యాచీలు వేసి ఇచ్చేసింది.

"ముల్లు తియ్యకుండా వెయ్యను సారూ," అంటుంది ఇప్పుడు.

"ముల్లు లేదమ్మా. మా ఫారంలో ముల్లుకి గడే లేదు."

"ఫారం నాకొద్దు. నా చెయ్యి చెప్పుద్ది."

గుమ్మం ముందు బోర్లా పడుకుని, బాట లేని ఆ చోటులోకి చెయ్యి పెడుతుంది. భుజం దాకా పోతుంది. చెయ్యి సాగుతుంది. ఊరి అడుగున వేళ్ళతో తడుముకుంటూ పోతుంది. నీళ్ళ పైపులు, ఫోను తీగలు, పెద్దరోడ్డు పొట్ట, బాటల ఆఫీసు పునాది. అక్కడ వేలికి చురుక్కున తగులుతుంది. పట్టుకుని బలంగా లాగుతుంది.

ఇనప జాలీ బయటికొస్తుంది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. గొలుసులా నలభై జాలీలు వచ్చి కొట్టు ముందు పడతాయి. అన్నిటికీ ఊచలు నిలువుగా ఉన్నాయి. సైకిల్ పోయే దిక్కునే, చక్రం సరిగ్గా ఇరుక్కునేంత సందుతో.

"ఎవరు సారూ ఇట్టా నిలువుగా పెట్టింది?"

"డ్రాయింగులో అలా ఉంది. కారులోంచి చూస్తే నిలువు గీతలు అందంగా ఉంటాయి."

"అడ్డంగా తిప్పితే చాలు, చక్రం దిగదు. ఏడాది పిల్లకి కూడా తెలుసుద్ది."

"తిప్పొచ్చు," అని ఒప్పుకుంటాడు ఉమాపతిరావు. "కానీ తిప్పితే, ఇన్నాళ్ళూ నిలువుగా ఉన్నాయని ఒప్పుకున్నట్టే కదమ్మా. అది కుదరదు."

అంతలో నాలుగున్నర అవుతుంది. అవతలి గేటులోంచి కెజియా సైకిల్ నడిపించుకుంటూ బయటికొస్తుంది. అలవాటు కొద్దీ ఎక్కబోయి, బాట లేదని చూసి, అంచున ఒక కాలు ఆనించి ఆగుతుంది. ఆమె పక్క నుంచి పెద్దరోడ్డు లారీలు జుట్టు ఎగిరేంత దగ్గరగా పోతున్నాయి. ఆగడానికి కూడా ఆ పిల్లకి జానెడు చోటే ఉంది.

"అమ్మా, బాటేదీ?" అని అరుస్తుంది.

"చూశావా, పిల్ల ఎదురుచూస్తోంది," అంటాడు ఉమాపతిరావు మెత్తగా. "నాలుగు ప్యాచీలు వెయ్యి. జాలీలు ఎక్కడివక్కడ పెట్టేస్తాం, బాట పరిచేస్తాం. అరగంటలో ఇంట్లో ఉంటుంది."

సువార్తమ్మ సొల్యూషన్ డబ్బా మూత కూడా తీస్తుంది. నాలుగు ముక్కలు అతికిస్తే పిల్ల వచ్చేస్తుంది. నలభై ఊచల నోళ్ళ మీదుగా వస్తుంది. ఇవాళ వస్తుంది. రేపో?

డబ్బా మూత బిగించి పెట్టేస్తుంది.

"నా మొగుణ్ణి మింగిన దాని మీద నా కూతుర్ని నడిపిస్తానా? ఇంకెప్పుడూ భయపడను ఫో!" అని, బాటలోంచి మొదటి అగ్గిపుల్ల పీకుతుంది.

పాల కోటయ్య బెల్లు గట్టిగా మోగుతుంది. కోటయ్య పడినచోటే, ఏమీ లేనిదాంట్లో, ఆ మోత గాలిలో నిలబడుతుంది. సువార్తమ్మ ఒక జాలీని పావు చుట్టు తిప్పి, అడ్డంగా, ఆ మోత మీదికి విసురుతుంది. జాలీ అక్కడ కదలకుండా కూర్చుంటుంది.

ఇంకో పుల్ల, ఇంకో బెల్లు, ఇంకో జాలీ. సూరమ్మ మోస్తుంది. ట్యూషన్ పిల్లాడు మోస్తాడు.

"ఏడు కిలోమీటర్లకి నలభై జాలీలు ఎలా సరిపోతాయి?" అంటాడు ఉమాపతిరావు.

"ఏమీ లేనిచోట కిలోమీటర్లెక్కడియ్యి సారూ? మీరేగా చుట్టచుట్టేసింది," అంటుంది సువార్తమ్మ.

అవతల కెజియా సైకిలెక్కుతుంది. అడ్డ ఊచల మీద చక్రాలు టకటకమంటూ వస్తున్నాయి. ముప్పై తొమ్మిదో జాలీ దాకా వచ్చి ఆగిపోతుంది. గుమ్మానికి ఇరవై గజాల దూరం ఉంది, అక్కడ ఏమీ లేదు. ముందు చక్రం గాల్లోకి వేలాడుతోంది.

చివరి జాలీ సువార్తమ్మ చేతిలోనే ఉంది. దాన్ని మోసే బెల్లు మాత్రం తొట్టిలో ఉంది, పగలని బుడగలో. ట్రింగ్... ట్రి. ఆరేళ్ళ తర్వాత ఇవాళే విన్నది. పగిలితే ఇక ఉండదు.

"అమ్మా, పడిపోతున్నానే!"

"ఏమయ్యా, పిల్ల కోసం," అని బుడగతో అంటుంది సువార్తమ్మ. ఏడుస్తూనే, సైకిల్ చక్రం పుల్ల తీసుకుని గుచ్చుతుంది.

బెల్లు మోగుతుంది. ఈసారి రెండో మోత కూడా నిండుగా మోగుతుంది. చివరి జాలీ అడ్డంగా కూర్చుంటుంది. కెజియా దాని మీదుగా వచ్చి, స్టాండు కూడా వెయ్యకుండా సైకిల్ పడేసి తల్లిని వాటేసుకుంటుంది.

"అమ్మా, నా వెనకాల ఎవరో వస్తున్నారు."

సువార్తమ్మ చూస్తుంది. అవతలి కొసన, మొదటి జాలీ మీద ఒక మనిషి. చెరోపక్క ఒక బండ. ఎదురుగాలికి చొక్కా వీపు మీద బుడ్డలా ఉబ్బి ఉంది. పెడల్ మీద లేచి నిలబడి తొక్కుతున్నాడు.

ఆమె పరుగెత్తదు. కొట్టులోంచి ముక్కాలిపీట తెచ్చి గుమ్మంలో వేస్తుంది. ఉమాపతిరావు భుజాలు పట్టుకుని దాని మీద కూర్చోబెడుతుంది. రిజిస్టరు ఆ పేజీకి తిప్పి ఆయన ఒళ్ళో పెడుతుంది.

"అతివేగం అని రాశారుగా. కూర్చుని చూడండి. వచ్చేదాకా చూసి, అప్పుడు సరిగ్గా రాయండి."

"ఐదింటికి వార్షికోత్సవం ఉందమ్మా," అంటాడాయన.

"ఐదు కాలేదుగా," అంటుంది కెజియా. నిజమే, కాలేదు. గోడ మీది గడియారం ఐదుకి ఇంకా రెండు నిమిషాలుండగా ఆగి, అది కూడా అటే చూస్తోంది.

దావీదు వస్తున్నాడు. పిచ్చుకలు అతని హ్యాండిల్ మీద గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపుకుని ఎగిరిపోతాయి. ఆ పిల్లలు పెద్దవై, మళ్ళీ అదే హ్యాండిల్ మీద గూడు కడతాయి. ముందు చక్రం ఇంకా రెండో జాలీ అంచుకి రాలేదు.

"నాన్న ఎప్పటికొస్తాడమ్మా?"

"మెల్లిగా వస్తాడులే తల్లీ. మీ నాన్న ఎప్పుడూ అంతేగా," అంటుంది సువార్తమ్మ, కూజాలోంచి మంచినీళ్ళు గ్లాసులోకి వంచుతూ.

ఉమాపతిరావు కలం పట్టుకుని చూస్తున్నాడు. ఆయన గడ్డం తెల్లబడి, రిజిస్టరు మీదుగా జారి, గుమ్మం దాటి, జాలీల అంచు వెంబడి పాకుతోంది. సైకిల్ బాటకి వేసే తెల్ల గీత ఎంత వెడల్పు ఉంటుందో సరిగ్గా అంతే వెడల్పుతో, ఎక్కడా తెగకుండా, దావీదు చక్రం వైపు పెరుగుతూ పోతోంది.