నూనె ముల్లు

ఉత్తరం నాకు తొమ్మిదో రోజున అందింది. శృంగవరపుకోట నుంచి మా బావమరిది రాసినది. తపాలా మనిషి కనుమ ఎక్కి అరకు చేరేసరికి అన్ని రోజులు పట్టింది. నా భార్య పోయిందనీ, చితికి నిప్పు తానే పెట్టాననీ, పదో రోజుకైనా వచ్చి నీళ్లు వదలమనీ అందులో ఉంది. బడికి సెలవని పలక మీద రాసి గుమ్మానికి తగిలించాను. కార్యానికి కొత్త పంచె ఒకటి మూటలో పెట్టుకుని మల్లేశు లారీ ఎక్కాను.

మల్లేశు వారానికొకసారి ఆ చిన్న లారీలో కొండకి ఉప్పు, కిరసనాయిలు తెచ్చి, చింతపండు, పసుపు దించుకుపోయేవాడు. అంతకు ముందు అదే దారిలో ఎడ్లబండి తోలాడు. రెండు నెలల కిందట నా భార్య దగ్గుతో పుట్టింటికి దిగింది ఈ లారీలోనే. అమ్మగోర్ని తేవడానికి ఎళ్తన్నారా అని అడిగాడు. నేను మూట ఒళ్లో పెట్టుకుని తలుపు లాగాను. అవునని అనుకున్నట్టున్నాడు.

వెనక బస్తాల మీద సోంబరు ఉన్నాడు. అరకు దగ్గర కొండవాలులో వలిసెలు పండిస్తాడు. ఆ నూనె గింజలు సంతలో అమ్మడానికి వస్తున్నాడు.

గాలికొండ ఎక్కుడులో సగం దాటాక మల్లేశు తన ముందున్న గుండ్రటి గాజు వంక మాటిమాటికీ చూడసాగాడు. అందులో ఒక ముల్లు ఉంది. ఇంజనులో నూనె తిరిగే జోరును అది చూపిస్తుందట. ఆ ముల్లు కొద్దికొద్దిగా వాలి సున్నాకు ఆనుకుంది. అతడు వెంటనే ఇంజను ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టాడు.

అలాగే నడపలేవా అని అడిగాను.

"నడిపితే రెండు మలుపులు నడుస్తాది మేస్టారూ. ఆ పైన ఇనుమూ ఇనుమూ రాసుకుని ఇంజను పట్టేస్తాది. మరింక కోటకి కాళ్లే గతి."

నడిస్తే రేపు మధ్యాహ్నం దాటుతుంది. కార్యం రేపు పొద్దుటే. దారి పక్క రాయి మీద కూర్చున్నాను.

అతడు కొలత పుల్ల తీసి తుడిచి, మళ్లీ ముంచి చూశాడు. నూనె గీత దాకా ఉంది. ఉన్న నూనె తిరగడం లేదన్నమాట, లేదా గాజే చెడిపోయి ఉండాలి. గాజు వెనక సన్నటి రాగి గొట్టం విప్పి, నన్ను ముందున్న హ్యాండిలు తిప్పమన్నాడు. గొట్టంలోంచి నూనె చిమ్మాలి. నేను ఎంత తిప్పినా రెండు చుక్కలు కారి ఆగిపోయాయి. గాజులో లోపం లేదు.

ఇంజను అడుగున జల్లెడ ఒకటి ఉంటుందనీ, పంపు నూనె పీల్చుకునేది దానిలోంచేననీ చెప్పి లారీ కిందికి దూరాడు. నూనె అంతా కిరసనాయిలు డబ్బాలోకి దించాడు. మరలన్నీ విప్పేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. చేతిలో జల్లెడతో బయటికి వచ్చాడు. అరచేయంత ఉంది. దాని కన్నులన్నీ తుమ్మబంక లాంటి జిగురుతో పూడిపోయాయి. జిగురులో అక్కడక్కడ పసుపు.

సోంబరు గోటితో గీకి వాసన చూశాడు.

"వలిసె నూనె ఇది. మా గానుగకీ ఇలాగే పడతాది. నిలవుంటే బంకే. ఏటి మల్లేశూ, బండికి తాలింపెట్టినావేటి?"

మల్లేశు నవ్వలేదు. జల్లెడ వంకే చూస్తూ నిలబడ్డాడు.

కనుమ నెత్తిన అమ్మవారిగా కొలిచే తల్లి రాయి ఒకటి ఉంది. బళ్ల వాళ్లందరూ దిగే ముందు అక్కడ ఆగి, తల్లికొక చుక్క, ఇరుసుకొక చుక్క నూనె వేయడం ఆ దారిలో అలవాటు. లారీకి దాని నూనె దానికి ఉందని మల్లేశు అది మానేశాడు.

"అమ్మగోర్ని దించిన రోజున మళ్లీ మొదలెట్టినాను బాబూ," అన్నాడు నాతో. "వలిసె నూనెలో పసుపు కలిపి, తల్లికో చుక్క, ఇంజనుకో గరిటెడు. ఈ బండి మీదే అమ్మగోరు తిరిగి పైకి రావాలని మొక్కినాను. వచ్చీదాకా దిగినప్పుడూ, ఎక్కినప్పుడూ ఏస్తానని. మీరు తేడానికి ఎళ్తంటే నా సేతుల్తోనే పాడు సేసినాను."

ఇక చెప్పక తప్పలేదు.

"ఆమె పోయింది, మల్లేశూ. రేపు పదో రోజు."

సోంబరు తలగుడ్డ తీసేశాడు. మల్లేశు కాసేపు నేల మీద కూర్చున్నాడు. తర్వాత లేచి, పెట్రోలు గిన్నెలో పోసి జల్లెడ నానబెట్టాడు. సోంబరు గట్టు మీద కొండచీపురు పుల్లలు విరిచి తెచ్చాడు. వాటితో మల్లేశు ఒక్కొక్క కన్నూ పొడిచి, ఆకాశం కేసి పట్టి చూసి, మళ్లీ పొడిచాడు. పంపు గొట్టం కూడా పెట్రోలుతో కడిగాడు.

కొత్త నూనె ఒక్క డబ్బాయే ఉంది. ఇంజనుకు రెండు కావాలి. మిగతాది పాత నూనె వడగట్టి పోయాలి. మల్లేశు తుండు నిండా మసి. సోంబరు తలగుడ్డ ముతక నేత. నేను మూట విప్పి కొత్త పంచె ఇచ్చాను.

"కార్యానికి తెచ్చుకున్నది గదా బాబూ."

"తడిబట్టతోనే కదా చేసేది. కట్టుకున్నది చాలు."

కింద ఖాళీ డబ్బా పెట్టి, పంచె నాలుగు మడతలు వేసి సోంబరూ నేనూ అంచులు పట్టుకున్నాం. మల్లేశు నెమ్మదిగా పోశాడు. నూనె నల్లగా కిందికి దిగింది. బంక బట్ట మీద నిలిచింది. కోట దాకా ఈ నూనె చాలుననీ, అక్కడ అంతా పారబోసి కొత్తది పోస్తాననీ అన్నాడు.

అన్నీ బిగించి, నూనె పోసి ఇంజను తిప్పాడు. ముల్లు కదలలేదు. నూనె పైకి ఎక్కాలన్నాడు. ముగ్గురం గాజు వంకే చూశాం. ముల్లు ఒకసారి వణికి, మెల్లగా లేచి తన చోట నిలబడింది.

కనుమ నెత్తిన లారీ ఆపాడు. సీటు కింది నుంచి వలిసె నూనె సీసా తీసుకుని రాయి దగ్గరికి వెళ్లాడు. ఇంజను వైపు చూడలేదు. సీసా అంతా రాయి మీదే వంచాడు. తర్వాత నా వైపు తిరిగి ఆమె పేరు అడిగాడు. ఇన్నాళ్లూ తల్లితో అమ్మగోరు అని మాత్రమే చెప్పాడట.

పెళ్లయి పదకొండేళ్లు. ఆమెను నేను పేరు పెట్టి పిలవలేదు. మా ఇళ్లలో పిలవరు.

"అప్పలనరసమ్మ," అన్నాను.

అతడు రాయితో ఆ పేరు చెప్పాడు.

కోటలో దీపాలు కనబడేదాకా నేను ముల్లునే చూస్తూ కూర్చున్నాను. అది వాలలేదు. మర్నాడు పొద్దున ఏటి ఒడ్డున పురోహితుడు నన్ను ఆమె పేరు చెప్పి నీళ్లు వదలమన్నాడు. చెప్పాను.